కొట్టు తలకాయ

ట్రోబ్రిడ్జ్‌లో, మూతబడ్డ మాంసం ఫ్యాక్టరీ గోడ వెనకాల
బూజియాన్ కొట్టు.
కళ్ళజోళ్ళ షాపులో నా పనయ్యాక
గురువారాలు అటు వెళ్తాను. మొదట్లో కొత్తిమీర కోసం,
ఇప్పుడు ఊరికే.

"రాస్ అల్ హానూత్," అన్నాడొకసారి డబ్బా మీద చెయ్యేసి,
"అంటే కొట్టుకి తలకాయ."
నాకు తలకాయ కూర గుర్తొచ్చి నవ్వొచ్చింది.
కొట్టువాడు తన దగ్గరున్న సరుకులో
మేలైనదల్లా ఏరి కలిపేదట.
లెక్క కాగితం మీద ఉండదు.
ఊజ్దాలో వాళ్ళ నాన్న ముక్కులోంచి
ఇతని ముక్కులోకి దిగింది.

ఆ ముక్కే పోయింది.
జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది,
వాసన మాత్రం రెండేళ్ళయినా తిరిగి రాలేదు.
మసాలాలమ్మేవాడు ఆ మాట ఎవరితో అంటాడు?
నాతో అన్నాడు,
నేను వాళ్ళ మనిషిని కాను గనక.

ఆ సాయంత్రం షట్టర్ సగం దించి
ఒక్కొక్కటే నా ముందు పెట్టాడు.
పిప్పళ్ళు. దుంపరాష్ట్రం. తోకమిరియాలు.
ఇవి నాకు వంటింటివి కావు:
తేనెలో అరగదీసి నాలిక్కి రాసిన దగ్గు మందులు,
కక్కకుండా నా మూతి మూసిన మేనత్త వేళ్ళు.
జాపత్రి, సరే. ఏలకులు, సరే.
గులాబీ మొగ్గలు కూరలోకా, అన్నాను.
"గొర్రె మాంసంలోకి. ఎండు ఆల్‌బకరాలతో."

"ఇదెలా ఉంది?"
ఇంగ్లీషులో వాసనకి నా దగ్గర రెండే మాటలు:
గుడ్, స్ట్రాంగ్.
అందుకని చేతులు తిప్పుతూ చెప్పాను.
కొత్తగా సున్నం వేసిన గది.
ఇస్త్రీపెట్టె కింద తడి చీర.
బీరువా అడుగున మర్చిపోయిన కలరా ఉండ.
అతను తలూపి తోకమిరియాలు తగ్గించాడు,
దాల్చినచెక్క ఇంకో రెండు విరిచాడు.
ఏం అర్థమైందో నేనడగలేదు.

నా వాటా పొట్లం
గుత్తివంకాయలో పడింది.
మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి
"వేరే వాళ్ళ పెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టుంది" అన్నాడు,
మళ్ళీ వడ్డించుకున్నాడు.

ఇక అసలు సంగతి.
రంజాన్ ముందు రెండోసారి పిలిచినప్పుడు
నాకు పడిశం. రెండు రంధ్రాలకీ బిరడాలు.
చెప్పొచ్చు. చెప్పలేదు.
పరీక్షలో పక్కవాడి కాగితం వైపు చూసే చూపు
చూస్తున్నాడతను, అరవై ఏళ్ళ మనిషి.
జ్ఞాపకం మీదే చెప్పేశాను:
"సున్నం చాలు. కలరా ఉండ వద్దు.
ఇంకాస్త చీర."
వాసన తెలీని ఇద్దరం కలిసి
మూడు కిలోలు దంచాం.

ఆ వీధి వీధంతా అదే తిన్నది:
శుక్రవారం కుస్‌కుస్ మీది పులుసులో,
పండగ మాంసంలో,
పద్నాలుగో నంబరింటి బాలింతకి
మెంతులేసి వండిన కోడికూరలో.
ఎవరూ ఏమీ అనలేదట.
వాళ్ళావిడ యమీనా మాత్రం
చెంచా కింద పెట్టి
"ఈసారి ఇందులో ఎవరో ఉన్నారు" అందట.

నవ్వుతూనే చెప్పాడు.
నేను కొత్తిమీర కట్ట ముక్కుకి ఆనించుకుని
కాసేపు అలాగే నిలబడ్డాను.
కొత్తిమీరే.
డబ్బులిచ్చి వచ్చేశాను.