రెండంతస్తుల నడుమ

పదకొండువందల నలభైకి పన్నెండువందలకు నడుమ
మూడేండ్ల సంది ఇరుక్కొని ఉన్న.
లిఫ్టులు బాగుచేసేటోన్ని,
ఇరుక్కునుడు అంటే ఏందో నాకెరుక:
లోపలున్నోళ్లు అన్ని బటన్లు ఒక్కసారే ఒత్తుతరు.
నా ఆట గూడ గంతే.

మొదటి పది ఎత్తులు చకచక ఆడుత,
వెనకకెల్లి ఎవరో తరుముతున్నట్టు.
మంత్రిని తొందరగ బయటికి తీస్త.
తియ్యొద్దని ఎరుకే, పిల్లలకు చెప్పే మొదటి పాఠం అది,
అయినా దాన్ని ఇంట్ల కూసోబెట్టుడు నాతోని కాదు.
అవతలోని గుర్రాలు దాన్ని ఉరికిచ్చుకుంట ఉరికిచ్చుకుంట
వాటి పని అవి చేసుకుంటయ్.
నా ఏనుగులు మాత్రం మూలలకే,
పొద్దెక్కినా పని దొరకని అడ్డా కూలీల లెక్క
టిఫిన్ డబ్బాలు పట్టుకొని
ఆట అయిపోయేదాంక నిలబడే ఉంటయ్.

గుర్రం నా చేతిల బాగుంటది, అబద్ధమెందుకు.
ఒక్క గెంతుల రాజును, మంత్రిని కలిపి పట్టుకున్నప్పుడు
మోటారు రూముల ఒక్కన్నే నవ్వుత.
కిందికెల్లి సాజిద్ అరుస్తడు:
"క్యా హువా భిక్షపతి భాయ్, షాక్ లగా క్యా?"

నా ఆటలన్నీ ఈ ఊరంత చెల్లాచెదురు.
మణికొండల పద్దెనిమిదో అంతస్తు మీద ఒకటి గెలిచిన,
కింద బండరాళ్ల నడుమ ఎవరో గొర్లు కాస్తున్నరు.
మలక్‌పేట దవాఖానల స్ట్రెచర్ లిఫ్టు ముంగట ఒకటి ఓడిన,
ఎందుకోడిన్నో ఆ దినం చూసుకోబుద్ధి కాలే.
శానా ఆటలు టైముకే పోయినయ్.
గోతిలకు దిగంగనే సిగ్నల్ పోతది,
పైన నా గడియారం ఒక్కతే ఉరుకుతుంటది.
గ్రీజు చేతులతోని ఎక్కొచ్చి చూస్తే సున్నా.
అవతలోడు ఏమనుకుంటడు?
ఓడిపోతున్నడు, పారిపోయిండు అనుకుంటడు.
ఓడుడు కాదు నాకు గుచ్చుకునేది, గది.

మొన్న రాత్రి పచ్చజెండా దేశపోడు ఎవడో,
వానికి ఒక్క రాజు మిగిలిండు.
నాకు మంత్రి ఉన్నది, ఏనుగున్నది, ఇంకో బంటు నడుస్తున్నది.
స్వరూప గోడదిక్కు మళ్లి పండుకుంది.
నేను ఖుషీల మంత్రిని ఒక్క గడి ముందుకు జరిపిన.
వాని రాజుకు చెక్ లేదు, పోనీకి జాగ లేదు.
ఆట సమానం.
మిషను నా ఎత్తు పక్కపొంటి
ఎర్రగ రెండు కొక్కాలు తగిలిచ్చింది.
ఆ రెండు కొక్కాలకు నేను తెల్లారేదాంక యేలాడిన.

పద్మారావునగర్‌ల ఒకసారి
నాలుగుకు అయిదుకు నడుమ ఒక ముసలామె ఆగిపోయింది.
సందుల నోరు పెట్టి చెప్పిన:
"అమ్మా, ఏం ఒత్తకు. కూసో."
"ఎంతసేపు పడ్తది బిడ్డా?"
"పావుగంట."
తలుపు తెరిచేసరికి
సంచిల చిక్కుడుకాయలన్నిటికి ఈనెలు తీసి
కొంగుల పోసుకొని ఉన్నది.
"అప్పుడే అయిందా?" అని అడిగింది.

నిన్న ముప్పై ఒకటో ఎత్తు కాడ ఆమె యాదికొచ్చింది.
ఫోను మోకాలు మీద పెట్టి చేతులు కట్టుకున్న.
గడియారాన్ని చూడలే.
బోర్డంత ఎడమకెల్లి కుడికి చూసిన, ఒక్కొక్క గడి,
తీగలు తనిఖీ చేసినట్టు.
మూలకున్న ఏనుగు కనవడ్డది.
దాని ముంగట దారి ఎప్పటిసందో ఖాళీగనే ఉన్నది.
అది చివరిదాంక పోతే అవతలోని పని ఖతం.
వేలు పెట్టేసరికి
నా టైము అయిపోయింది.

పదకొండువందల అరవై రెండు.
స్వరూప అంటది, "ఇగ లైటు బందు చెయ్యి."
చేసిన.
తెర వెలుగుల ఇంకో ఆట మొదలైంది, నాకు నల్లపావులు.
ఈసారి మంత్రి కాడికి పోయిన వేలును
ఎనకకు తీసుకొని
ఒక బంటును ఒక్క గడి జరిపిన.
ఎట్లుంటదో చూడాలె.