ఏం లేదు

వారాసిగూడలో మా రెండో అంతస్తు గదిలో
కుట్టుమిషను ఆగినప్పుడల్లా
పదహారు నెలల శ్రీనిక తలెత్తుతది.
బట్ట దిక్కు కాదు, చక్రం దిక్కు కాదు,
ముందు నా మొహం చూస్తది,
తర్వాత నేను ఎటు చూస్తున్ననో అటు.

"తెగింది" అని నేను నోట్లోనే గొణిగితే
తన చేతిలున్న స్టీలు గ్లాసు పేరు అది కాదని
ఎవరు చెప్పిన్రు దానికి?
గ్లాసు కింద పెట్టింది.
నా చూపు పట్టుకొని పాకింది,
సూది కింద వేలాడుతున్న ఎర్ర పోగు దాకా.
"తెయింది" అన్నది.

టీవీలో రంగుల గౌను బొమ్మ
నెలరోజులుగా ఏనుగు, ఏనుగు అని అరుస్తనే ఉన్నది.
దాని ముందు కూసొని శ్రీనిక గోడ సున్నం గిల్లుతది.
మరి ఇది నవ్వితే ఆ బొమ్మ
ఒక్కసారన్నా తిరిగి నవ్విందా?

కూలరు బాగుచేయనీకి మా మరిది భిక్షపతి వచ్చిన రోజు
"పానా ఏడవోయింది" అనుకుంట సంచిల చెయ్యి పెట్టిండు.
స్క్రూడ్రైవరు తీసి మూతి ముడిచిండు, పక్కన పడేసిండు.
కటింగ్ ప్లేయరు. ఊఁహూఁ.
మూడోది తీసి, ఎవర్నీ చూడకుండ,
పెదవి కొసన కొంచెం నవ్విండు.
అంతే, ఆ మాట మళ్ళ ఎత్తలేదు.
పొద్దుగూకి సామాను సర్దుతుంటే
రెండు చేతులతో ఇనుప బరువు మోసుకొచ్చి
"పానా" అని ఇచ్చింది.
"నువ్వు నేర్పినవా వదినా?"
పానా అనే మాట
పుట్టి బుద్ధెరిగినంక నేనెన్నడూ అనలేదు.

కింది వాటాల రఫత్ ఆపా ఉంటది.
ఆమె గడప లోపల దాహానికి పేరు పానీ,
మెట్లెక్కి పైకొస్తే నీళ్ళు.
ఒకసారి మరిచి నన్ను పానీ అడిగింది,
నేనేమీ అనకముందే నా కనుబొమ్మలు చూసి
"నీయి" అని దిద్దుకున్నది.
ఈ పట్నంల ఎవరితో ఏ భాషనో
బస్సు కండక్టరుకు ఎంత తెలుసో
నాలుగు పళ్ళ పిల్లకూ అంతే తెలుసు.

ఇన్నాళ్ళూ మురిసిపోయిన.
ఇప్పుడు భయమైతున్నది.

ఫాల్ కుట్టిచ్చిన నూటపది చీరల పైసలు
సీతాఫల్‌మండి షాపాయన మూడో నెల కూడా రేపన్నడు.
ఫోను పెట్టి కిటికీ దిక్కు తిరిగిన.
ఎంఎంటీఎస్ రైలు పోతున్నది, గోడలు సన్నగ వణుకుతున్నయి.
"క్యా హువా?" అన్నది మెట్ల మీంచి రఫత్ ఆపా.
"ఏం లేదు" అన్న.
కొంగు కళ్ళకు అద్దుకున్నది ఆమెకు కనబడలేదు.
మోకాలెత్తు మనుషులకు కనబడుతది.
అట్ల ఎన్నిసార్లు అన్ననో
నేను లెక్కపెట్టుకోలేదు.

మొన్న మంచం కోడు తాకి బోర్ల పడ్డది.
ముందు ఏడవలేదు, కింది పెదవి మాత్రం ముందుకొచ్చింది.
గదంత నన్ను వెతుక్కుంట వచ్చి
నా వేలు పట్టుకొని
తడి కన్ను మీద పెట్టుకున్నది.
"ఏంయేదు."

కండ్లల్ల నీళ్ళొస్తే
వాటి పేరు అదే అనుకున్నది పిల్ల.
తప్పని ఎట్ల చెప్పాలె?
నిఘంటువు రాసినాయన
నా మొహం చూసి రాయలేదు కదా.

ఒళ్ళో కూసోబెట్టుకొని మోకాలు ఊదిన.
"నొప్పి" అన్న, దాని కండ్లల్లకు చూసుకుంట.
కాసేపాగి, నా గుండె మీద చెయ్యేసుకొని
ఇంకోసారి అన్న, "నొప్పి."
అది నా చేతిని చూసింది, నన్ను చూసింది,
మళ్ళ చేతిని.
ఏ మాటా అనలేదు ఇంకా.

అంతల ఫోను మోగింది.
షాపాయన నెంబరే.
ఎత్తే ముందు కిందికి చూసిన,
ఈసారి నేనేమంటనో అని
అది నోరు కొంచెం తెరిచి
నా మొహం దిక్కే చూస్తున్నది.