కొలతల పుస్తకం

మొహం కొలవను నేను.
ముప్పై ఏళ్లుగా కాశీబుగ్గలో టేపు మెళ్లో వేసుకుని
భుజం నుంచి భుజానికి, నడుం నుంచి మడమకి
ఊరిని అంగుళాల్లో రాసుకున్నవాణ్ణి.
మెడకి పైన ఏముందో నాకు పనిలేదు.

జీడిపప్పు గోడౌను కాపలాదారు బమ్మిడి దండాసిని
మార్గశిరం చలిలో, తెల్లారగట్ల
ఎవరో కొట్టి చంపారు.
కెమెరాకి చిక్కింది పదకొండు సెకన్లు.
మంకీ టోపీ, కళ్ల దగ్గర చీకటి.
ఆ నెలలో మా ఊళ్లో ప్రతి మగాడూ అలాగే ఉంటాడు,
పాలవాడూ, పేపరు కుర్రాడూ, నేనూ.

షట్టరు మీద పౌడరు చల్లారు.
వేళ్లున్నాయి, గీతలు లేవు.
జీడి నూనె తినేసిన వేళ్లు.
రేషను మిషనే "మళ్లీ పెట్టండి, మళ్లీ పెట్టండి" అని
మా పేటలో సగం చేతుల్ని వెనక్కి పంపేస్తుంది,
క్లూస్ టీమువాళ్ల బ్రష్షు ఏం చేస్తుంది?
కుక్క రైల్వే గేటు దాకా పరిగెత్తి
గూడ్సు వెళ్లేదాకా కూర్చుంది.
వెళ్లాక కూడా కూర్చుంది.

అప్పుడు నన్ను పిలిపించారు.
కానిస్టేబులు తవిటమ్మ, ఆమె జాకెట్లూ నావే,
"ఓపాలి సూడు మావా, ఈ గుడ్డలు నీ సేతివేనేటి?" అంది.
సి.ఐ. గారు బొమ్మని ఆపారు, కదిపారు, ఆపారు.
వాళ్లంతా టోపీ వైపే చూస్తున్నారు.
నాకు అంచు కనబడింది.
ఎడమ కాలి అంచు ఎక్కువ మడిచి ఉంది,
అయినా రెండూ చెప్పుల మీద సమంగా వాలుతున్నాయి.
ఆ అబద్ధం కుట్టింది నేనే.

చిన్నప్పుడు జీడిమామిడి కొమ్మ విరిగి పడి
ముప్పావంగుళం పోగొట్టుకున్న కాలు.
పెళ్లిచూపులకి ముందు వచ్చి
"ఎవులికీ తెలీకుండా కుట్టు సిన్నాన్నా" అన్నాడు.
ఎవరికీ తెలియలేదు.

మంచినీళ్లడిగాను.
పుస్తకం తెమ్మన్నారు, తెచ్చాను.
ఢిల్లేసు. నడుం ముప్పై రెండు.
కుడి ముప్పై తొమ్మిది, ఎడమ ముప్పై ఎనిమిదింపావు.
ఎదురు పేజీలో దండాసి, ఖాకీ, రెండు జతలు,
"జేబు లోతుగా. టార్చి పట్టాలి."
పుస్తకం మూస్తే
ఇద్దరూ ఒకరి మీద ఒకరు.

కోర్టుకి అది చాలదట.
హైస్కూలు గ్రౌండులో గుంజ పాతి, అదే ఎత్తులో కెమెరా కట్టి
ఆరుగురికి ఆరు మంకీ టోపీలు తొడిగి,
ఎవరి పాంట్లు వాళ్లవే, నడిపించారు.
విశాఖ నుంచి వచ్చిన ల్యాబు ఆయన
అడుగు అడుగుకీ సున్నం గీత గీశాడు.
మిగతావాళ్లు ఎప్పట్లాగే నడిచారు, కొంచెం సిగ్గుపడుతూ.
నాలుగోవాడు బాగా నడిచాడు.
మరీ బాగా.
ఎడమ మడమ ఎత్తిపట్టి, కుంటు మింగేసి.
పాంటుకి ఆ సంగతి తెలీదు కదా,
అది పాత కాలికే కుట్టింది,
పైకి లాక్కుపోయి చీలమండని బయటపెట్టింది.

టోపీలు తియ్యమన్నప్పుడు నేను అటు తిరిగిపోయాను.
ఎందుకు చంపాడో ఊళ్లో నాలుగు రకాలుగా చెబుతున్నారు,
బస్తాల లెక్కంటారు, పేకాట బాకీ అంటారు.
నాకు తెలిసింది ముప్పావంగుళం.

పుస్తకం ఇంకా కోర్టులోనే ఉంది. రసీదిచ్చారు:
"పాత కొలతల పుస్తకం ఒకటి, అట్ట లేదు, నూనె మరకలు."
సూదుల డబ్బా కింద పెట్టుకున్నాను.
అందర్నీ మళ్లీ కొలుస్తున్నాను.
చేతులెత్తమంటే జనం ఒక్క క్షణం ఆగి ఎత్తుతున్నారు.

నిన్న దండాసి కొడుకొచ్చాడు.
అదే గోడౌను, అదే రాత్రి డ్యూటీ ఇచ్చారట.
ఖాకీ గుడ్డ బల్లమీద పెట్టి
"మా అయ్యకెట్టినంత జేబెట్టు" అన్నాడు.

ఏడున్నర అంగుళాలు.
సుద్ద తీశాను.