ఒక రేకు తక్కువ

బడిలో అచ్చులు పదహారన్నారు.
మా వీధికి మాత్రం ఒక్కటే.
పోత ఇనుముది, ఎనిమిది రేకులది,
కాడ మీద మేకుతో గీసిన రెండక్షరాలు: క, మ.
కరుణమణి అని పూర్తిగా రాసేందుకు చోటు చాల్లేదు.

చిత్తూరు సంతపేటలో
గులాబీ పువ్వులు కాల్చని ఇల్లు లేదు,
అచ్చున్న ఇల్లు మాదే.
దీపావళికి కన్నగత్త పట్టుకుపోయేది,
రంజానుకి జైతూన్‌బీ.
ఉత్త అచ్చు ఎప్పుడూ తిరిగి రాలేదు.
గుప్పెడు మురుకులతో వచ్చేది,
సేమ్యాల పొట్లంతో వచ్చేది,
ఒకసారి ఎవరో తెలియనివాళ్ళ పిండి మరకతో.
డిసెంబరు పడితే అమ్మ నన్ను తరిమేది:
“పోరా అబ్బోడా, అచ్చు యాడుండాదో కనుక్కోని రా.”

రెండువేల సంవత్సరంలో
క్రిస్మసుకీ రంజానుకీ నడుమ మూడే రోజులు.
“ఇద్దరం కలిసి కాల్చేస్తే పోలా?” అనింది జైతూన్‌బీ.
బాండలి తనది, నూనె తనది,
అచ్చు మాది, పెరడు మాది.
ఆమె ఒక్కపొద్దు, నోట్లో చుక్క వేసుకోదు.
ఆమె ముందర తినలేక అమ్మా నోరు కట్టుకునింది.
కాబట్టి రెండు పండగల తీపికీ
నా నాలుకే సాక్షి.
ఎనిమిదేళ్ళవాణ్ణి
“ఇంగొంచెం చక్కెర” అంటే
ఇద్దరు పెద్దోళ్ళు తలూపి వేశారు.
అంత పెద్దరికం నాకు మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

అచ్చు ముందు నూనెలో కాగాల.
కాగకపోతే పిండి పట్టదు.
అంచు దాటి మునిగిందా, పువ్వు వదలదు.
ఇదంతా నాకు తెలుసు.
మిగిలిన మైదాని బంకలా ఉడికించి
వెదురు బద్దలకి గాజు కాగితం అతికిస్తున్న ఏలియా అన్న
“నక్షత్రం కొమ్ము ఊడిపాయె!” అని అరిచాడు.
ఇద్దరూ అటు తిరిగారు.
నేను ముంచాను. నిండా.

పువ్వు రాలేదు.
ఊపాను, రాలేదు.
బాండలి అంచుకేసి కొట్టాను.
టంగుమని ఒక రేకు నూనెలోకి పోయింది.

జైతూన్‌బీ జల్లిగరిటెతో దేవి తీసింది.
చుట్టూ పిండి పట్టి, ఎర్రగా కాలి
అదీ ఒక పలహారంలాగే ఉంది.
అమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది.
ఏమీ అనలేదు.
అంతలో మసీదు నుంచి బాంగు.
జైతూన్‌బీ కర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి,
“కానీ కరుణమ్మా, ఇంకా సగం పిండి ఉండాది” అనింది.

ఆ ఏటినుంచి మా వీధి పువ్వులన్నీ ఏడు రేకులవే.
దీపావళివీ, రంజానువీ, మావీ,
అన్నీ పన్నూడిన పిల్లోడి నవ్వులే.
వెల్డింగు కుప్పుసామి అతుకుతానన్నాడు.
నూనెలో అతుకు నిలవదని అమ్మ.
కొత్తది కొందామని నాయన.
“ఇదేం పాపం చేసింది?” అని అమ్మ.
విరిగిన రేకు గుండీల డబ్బాలో చేరింది.
చొక్కాకి గుండీ కుట్టాలన్నప్పుడల్లా
నేను పక్క గదిలోకి పోయేవాణ్ణి.

నిన్న తిరుపతిలో, ఆసుపత్రి ల్యాబులో,
కొత్తగా చేరిన నర్సు స్టీలు డబ్బా మూత తీసింది.
“మా అత్త పంపించింది సార్, తీసుకోండి.”
వేలితో లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను.
“మీ అత్తది చిత్తూరా?”
“ఎట్ట కనిపెట్టినారు సార్?”
నా నోటినిండా పువ్వు.
ఆ పిల్లే అందుకుంది:
“ఒక రేకు ఖాళీగా ఉంటాదంట సార్.
చిత్తూరు మోడలంట.”

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.
“అచ్చు యాడుందమ్మా?”
“నాకేం తెలుసురా. ఎవరో ఎవరికో ఇచ్చినారంట.”
కాసేపాగి,
“నీకెందుకు?
ఇంగో రేకు ఇరగ్గొట్టేదానికా?”

ఇన్నేళ్ళకి అదే మొదటి తిట్టు.