తాలుకూ ఓ రేటు

ఈ కాగితం విప్పేముందు
మొహానికి కాస్త ఎడంగా పెట్టుకోండి.
పంతొమ్మిదేళ్ల నాటిదే గానీ
దీని మడతల్లో గుంటూరు మిర్చి యార్డు
ఇంకా మూతపడలేదు.
తుమ్మొస్తే నా పూచీ కాదు.

అప్పట్లో నేను కమీషను కొట్లో గుమస్తాని.
కాటా దగ్గర సుభానీ బరువు కేకేస్తే
చీటీ మీదకి ఎక్కించడం నా పని.
పెన్నుని పురికొసతో బల్లకి కట్టేసేవాడు షావుకారు,
మేకని గుంజకి కట్టినట్టు.
తాడు ఎంత పొడవో
నా పాదమూ అంతే.
ఆపైన రాయబోతే వెనక్కి లాగేది.
ఇప్పుడెవరైనా దాన్ని శైలి అంటే
నవ్వు ఆపుకుంటాను.

మిట్టమధ్యాహ్నం యార్డు కునుకు తీస్తుంది.
టిక్కీల మీద హమాలీలు,
హమాలీల మొహాల మీద తువాళ్లు.
అప్పుడు చీటీ పుస్తకం తిరగేసి
చివరి నుంచి రాసుకునేవాణ్ణి.
మాట తప్పితే అడ్డంగా ఒక గీత.
గీత కిందా మాట కనపడుతూనే ఉండేది,
దుప్పటి కప్పినా కాళ్లు బయటే ఉండే
పొడుగు మనిషిలా.

తొడిమలు తీసే దీనమ్మ
మండే వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ
నా గీతలు చూసి అడిగింది:
"అవన్నీ పనికిరానివా అయ్యా?
మేమూ తాలు పక్కకి తీస్తాం.
పారబోస్తామా ఏంటి?
తాలుకూ ఓ రేటుంది."
ఆ రోజు నుంచి కొట్టేసిన మాటల్ని
అంచున కుప్ప పోసుకున్నాను.
ఆ కుప్పలోంచే కొన్ని
తర్వాత మంచి ధరకి పోయాయి.

మా అమ్మాయి కొనిచ్చిన ఫోన్లో
తప్పు మాట మీద వేలు నొక్కి ఉంచితే
అసలు పుట్టనట్టే పోతుంది.
మరక లేదు, మైల లేదు.
పైగా నేను "మి" అనీ అనకముందే
"మిస్ యూ" కావాలా అంటుంది.
నాకు కావాల్సింది మిరప.

ఒక ఫిబ్రవరిలో కార్బన్ తియ్యడం మరిచాను.
నాలుగు పాదాలు రాస్తే
పైన నావి నాకు మిగిలాయి,
కింది చీటీ మీదకి నీలంగా దిగాయి.
పుస్తకం అయిపోయే రోజు తొందర్లో
ఆ చీటీ మీదే బరువులెక్కించి చించిచ్చాను.
అది చినవెంగళరెడ్డి జేబులో
కారంపూడి వెళ్లిపోయింది.

మరుసటి పంటకి ఆయన
సరాసరి నా బల్ల దగ్గరికొచ్చాడు.
తూకంలో తేడా అనుకుని
నా నోరెండిపోయింది.
చెమటకి మెత్తబడ్డ చీటీ తీసి పరిచాడు.
"లెక్క సరిపోయింది గానీ
ఈ కింద నాలుగు బార్లు
ఎవరి ఖాతా?"

నేను రాసింది:
తెల్లారేసరికి చేనంతా ఎర్రబడింది.
మనవడి పెన్సిల్‌తో "తెల్లారేసరికి" కొట్టేసి
పక్కన వంకర అక్షరాల్లో
ముందు నల్లబడాలి అని రాశాడు.

పచ్చికాయ ఎరుపెక్కే ముందు
కొన్నాళ్లు నలుపు తిరుగుతుందట.
ఇరవై ఏళ్లు మిర్చిలోనే కూర్చుని
మొక్కనొక్కసారి చూడని గుమస్తాకి
అంతకంటే ఏమీ చెప్పలేదాయన.
టీ తాగి వేలం వైపు వెళ్లిపోయాడు.
చీటీ వదిలి వెళ్లాడు.
ఇదే అది.

ఇప్పుడు బరువు యంత్రం చెబుతుంది,
బిల్లు ఇంకో యంత్రం కక్కుతుంది.
ఆ నున్నటి కాగితం మీద అంకెలు
ఉగాదికి ఉంటాయి, దసరాకి ఉండవు.

మా అమ్మాయి దీన్ని ఫోటో తీసింది.
బాగా వచ్చింది,
పెన్సిల్ గీత కూడా తెలుస్తోంది.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
గాజు వాసన.

మొన్న బ్రాడీపేటలో పది రూపాయల పెన్ను కొని
ఇంటికొచ్చి
కిటికీ ఊచకి పురికొసతో కట్టాను.
మా ఆవిడ చూసి ఏమీ అనలేదు.
ఇంకాస్త వదులుగా కట్టాల్సిందేమో,
ఈ లైను రాస్తుంటే
లాగుతోంది