ఉప్పు లెక్క

ఇల్లు కొన్నప్పుడు తాళాలతో పాటు
ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టాడు మెర్విన్ ట్రెగిల్గస్.
నీలం అట్ట, తడిసి ఉబ్బిన అంచులు.
"ఫ్యూజులూ కొళాయిలూ మీరే కనుక్కుంటారు,
ఇది మాత్రం చదవండి."

ముప్పై ఒక్క ఏళ్ల ఈతకొలను
పెన్సిలుతో రాసి ఉంది అందులో.

'అక్టోబరు 3. నీళ్లు పద్దెనిమిది డిగ్రీలు.
రెండు బస్తాల ఉప్పు చల్లి బ్రష్‌తో తోశాను.
కరిగేదాకా సెల్ ఆపి ఉంచు.'
'ఆసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి.
ఆసిడ్‌లో నీళ్లు పోసినవాడికి రెండో పాఠం ఉండదు.'
'గాలి రోజున ఏదీ పొయ్యకు.'

నేను హలీనాని, అడిలైడ్‌లో రాత్రి డ్యూటీ నర్సుని.
లోపలికి ఎంత, బయటికి ఎంత, ఎన్ని గంటలకి,
వార్డులో నేను రాసేదీ అదే.
అందుకేనేమో ఆ చేతిరాత పరాయిదనిపించలేదు.
తెల్లారి ఏడున్నరకి, బూట్లైనా విప్పకుండా
గట్టు మీద కూర్చుని
గాజుగొట్టంలో ఐదు చుక్కలు వేస్తాను.
పసుపు ముదిరితే క్లోరిన్ ఉన్నట్టు.
పక్క గొట్టం ఎరుపెక్కితే
నీళ్లకి పులుపు తగ్గినట్టు.

పలకల మధ్య కరెంటు పారితే
ఉప్పు విడిపోయి క్లోరిన్ అవుతుంది,
పాచిని చంపుతుంది, ఎండకి విరుగుతుంది,
చివరికి మళ్లీ ఉప్పే అవుతుంది.
ఇంత చాకిరీ చేసొచ్చి
ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్లని
ఇంకెక్కడా చూడలేదు నేను,
మా వార్డు నేల తుడిచే లుర్డెస్‌ని తప్ప.

కప్పు మీద నల్ల రబ్బరు గొట్టాలు,
దువ్వెన పళ్లలా, ఉత్తరం వైపు.
ఈ దేశంలో ఎండ అటునుంచే.
పదింటికి పంపు గొణగడం మొదలెడుతుంది.
వణుకుతూ ఎక్కిన నీళ్లు వెచ్చబడి దిగుతాయి.
రోజుకొక డిగ్రీ, మెర్విన్ లెక్క ప్రకారం.
మబ్బు పడితే సున్నా.

నవంబరులో ఒక పొద్దున
మబ్బు లేదు, వాన లేదు, చూరు కారుతోంది.
నిచ్చెనెక్కి చూద్దును కదా,
తెల్ల కాకటూలు, పదిహేను,
పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుని
గొట్టాలు కొరుకుతున్నాయి.
జవాబు లేనివాడు నీళ్లు నములుతాడంటారు,
ఇవి నిజంగానే నములుతున్నాయి,
పసుపు కొప్పులు లేపి, నా కళ్లలోకి చూస్తూ.

మూంటాకి ఫోన్ చేశాను. సముద్రం పక్కన
ఒంటిగది ఇంట్లో ఉంటున్నాడిప్పుడు.
"ఎలా ఉన్నావ్" అనడు ఎప్పుడూ,
"ఉప్పెంత?" అంటాడు.
"కాకటూలు" అన్నాను.
అటువైపు చాలాసేపు చప్పుడు లేదు.
నవ్వుతున్నాడని ఆలస్యంగా తెలిసింది.
"ప్లాస్టిక్ గుడ్లగూబని కొనకు,
దాని నెత్తి మీద కూర్చుని మరీ కొరుకుతాయి.
నలభై ఏడో పేజీ తియ్యి."

నలభై ఏడో పేజీలో బొమ్మ:
తెగినచోట నున్నగా కోసి
రెండు కొసలకీ జాయింటు ముక్క తొడగడం.
కింద ఒకటే మాట, 'ఓపిక.'
దాని పక్కన ఇంకా చిన్న అక్షరాల్లో,
'వాటికీ వేసవే.'

పద్నాలుగు చోట్ల అతికాను.
పదిహేనోది ఇప్పటికీ చెమ్మగిల్లుతూనే ఉంది.

ఆ శనివారం చెప్పాపెట్టకుండా బస్సు దిగాడు,
సంచీ నిండా జాయింట్లతో.
గట్టు మీద మోకరిల్లి వేలు ముంచి
నాలుక మీద పెట్టుకున్నాడు.
"మూడువేల ఎనిమిదొందలు."
మీటరు మూడువేల ఆరొందల యాభై అంది.
"మీటరు కడుగు" అన్నాడు.

"దిగండి, ఇరవై ఏడు డిగ్రీలుంది."
తువ్వాలు కూడా తెచ్చాను.
ప్యాంటు మోకాళ్లదాకా మడిచి
మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. అంతే.
"నాకు ఈత రాదు."

ముప్పై ఒక్క ఏళ్లు.
నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగేశాను.
తనే అన్నాడు, చాలాసేపటికి,
"ఫిల్టరు ముల్లు ఎక్కడుందో చూసిరా."

షెడ్డులోకి వెళ్లి చూశాను. ఆకుపచ్చ గీత మీదే ఉంది.
తిరిగొచ్చేసరికి
రెండో మెట్టు మీద ఉన్నాడు,
ప్యాంటు మడత తడిసి.