అడ్డం చింపు

క్యుమి నది గడ్డకట్టిన రోజుల్లో కూడా
మిల్లు ప్రయోగశాలలో కాగితానికి
ఇరవై మూడు డిగ్రీల వేసవి.
చొక్కా చేతులు మడుచుకుని పనిచేసేవాళ్లం.

మొదటి రోజే హిల్క చెప్పింది:
"కాగితానికి తన పుట్టుక గుర్తుంటుంది.
నీళ్లగుజ్జుగా జల్లెడ మీద పరుగెత్తినప్పుడు
పోగులన్నీ పరుగు వైపే తలపెట్టి పడుకున్నాయి.
ఆ వైపు చింపు, చెప్పినట్టు వింటుంది.
అడ్డంగా చింపు,
అప్పుడు తెలుస్తుంది అదెవరో."

నిన్నటి పేపరు చేతికిచ్చింది.
నిలువుగా లాగితే కొలబద్ద పెట్టినట్టు
సర్రున దిగింది,
ఓ మంత్రి మొహాన్ని ముక్కు మీదుగా సగం చేస్తూ.
అడ్డంగా లాగాను.
రెండంగుళాలు నడిచి, మొరాయించి,
చేపల ధరల దగ్గర మలుపు తిరిగి
తన దారిన తాను కిందికి పోయింది.
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
మళ్లీ చెయ్యమంది.

రోజుకు నలభై నమూనాలు.
దవడల మధ్య కాగితం, చిన్న గాటు,
పైనుంచి లోలకం ఊగి పడుతుంది.
నిలువుకో గడి, అడ్డానికో గడి.
అడ్డం అంకే ఎప్పుడూ పెద్దది.
ముప్పై ఒక్క ఏళ్లు ఆమె రాసింది ఆ రెండు గళ్లే.
మధ్యాహ్నం ఎండు రొట్టె విరిచినా
విరిగిన అంచును ఒకసారి తిప్పి చూసుకునేది.

మార్చిలో ఉత్తరాలొచ్చాయి.
అందరికీ ఒకటే, పేరొక్కటే వేరు.
మూడో యంత్రం ఆపేస్తున్నారు.
మెట్ల మీద ఎవరో ఏడ్చారు,
ఎవరో ఐదింటి బస్సుందా అని అడిగారు.
హిల్క ఉత్తరాన్ని కిటికీ వెలుగుకెత్తి
చాలాసేపు చూసింది. చదవలేదు.
"మనదే," అంది.
"నవంబరు చుట్ట. ఆ వారం గుజ్జు కాస్త పలచన."

తర్వాత కత్తెర తీసింది.
లోలకం పడింది.
చింపు తిన్నగా పోలేదు, పోదు కదా,
"చింతిస్తున్నాం" అన్న మాట దాకా వచ్చి
దాన్ని చుట్టుకుని పక్కకు తప్పుకుంది.
ఆ మాటొక్కటి చెక్కుచెదరకుండా మిగిలింది.
ఆమె దాన్ని చెత్తబుట్టలో వేసి
అద్దాలు తుడుచుకుంది.

ఇప్పుడు నేను కోత్కాలో అట్టపెట్టెల గోదాములో ఉన్నాను.
ఏ సంతకం పెట్టాలన్నా ముందు
నా బొటనవేలు కాగితం మూలను
ఏ వైపు వంగుతుందో తడుముతుంది.
ఎవరూ చూడకుండా.

ఆ రిజిస్టరు వాళ్లు పారేయబోతుంటే తెచ్చుకున్నాను.
చివరి వరుసలో నమూనా పేరున్న చోట
గుండ్రటి చేతిరాతలో: హిల్క సావెలైనెన్.
అడ్డం గడిలో అంకె ఉంది.
నిలువు గడి
ఖాళీగా వదిలేసింది.